కాస్తు కాలమ్



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతున్నదో ఆయనను మా ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. గిర్దావరు సాబ్ అనేవాళ్లం. ఆయన పిల్లలు ఆహ్వానపత్రం మీద కూడా ఆ మాటే అచ్చువేయించారు. నాకు సంతోషమైంది. రెవెన్యూలో చాలామంది పనిచేస్తారు. చేసిన కొలువే ఇంటిపేరుగా మిగలడం కొందరికే దక్కుతుంది.

వానాకాలం నాట్లు అయినంక ఒకసారి, యాసంగిలో ఒకసారి ఆయన సైకిల్ మీద వచ్చేవారు. పట్వారీ వెంట ఉండేవాడు. చావడిలో కూర్చొని పహాణీ రాయించే అలవాటు ఆయనకు లేదు. ఒడ్డు మీద నిలబడి సర్వే నంబరు చదివించి, చెలకలో ఉన్న మనిషిని కేకేసి పిలిచేవారు. అడిగేది ఒకటే మాట: "ఈ నాగలి ఎవలది?" పట్టాదారు ఎవరని అడిగేవారు కాదు. అది ఆయన చేతిలోని పుస్తకంలో ముందే ఉన్నది. పుస్తకంలో లేనిది, పొలంలోనే కనిపించేది ఆయనకు కావాలె. పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. మావాళ్లు దాన్ని కాస్తు కాలమ్ అనేవాళ్లు. ఏటా నిండాల్సిన కాలమ్ అది.

మా నాయిన ఆరెకరాలు కౌలుకు చేసేవాడు. ఆసామి హన్మకొండలో ఉండేవారు. మంచి మనిషే. ఒక ఏడు కౌలుదారు పేరు కాగితం ఎక్కితే భూమి చెయ్యిజారుతుందని ఎవరో చెబితే భయపడి, రాయొద్దని గిర్దావరు సాబ్‌కు కబురు పెట్టారు. ఆయన వచ్చి, ఎప్పటిలాగే ఒడ్డు మీద నిలబడి అదే మాట అడిగి, మా నాయిన పేరే రాశారు. ఆ మరుసటి ఏడు కరువు పడ్డది. కరువు సాయం మా ఇంటికి వచ్చింది. సొసైటీలో విత్తనాలు అప్పుగా దొరికినై. ఆ గింజలు అమ్మ ఒళ్లో పోసుకొని చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటది. భూమి మాకేమీ రాలేదు, ఆసామికేమీ పోలేదు. ఆ ఏడు మా ఇంట్లో పొయ్యి వెలిగింది, అంతే.

ఈ కథ ఎందుకు చెప్పానో తెలియాలంటే మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోవాలి.

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో మెంఫిస్ నగరంలో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఒకరోజు మిసిసిపీ నది దాటి ఆర్కన్సా రాష్ట్రంలోకి తీసుకుపొమ్మన్నాను. ముప్పావుగంట ప్రయాణం. భూమి అరచెయ్యిలా చదును. కొండ లేదు, గుట్ట లేదు. మైళ్లకు మైళ్లు వరి, సోయా, అక్కడక్కడ పత్తి. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఆర్కన్సాదే. మేం వెళ్లిన పాయిన్‌సెట్ కౌంటీ అందులో ముందువరుసన ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, జనం మాత్రం మన మండలమంత. అందులో టైరొంజా అని వెయ్యిమంది కూడా లేని ఊరు. ఊరి నడుమ పాత ఇటుకల కట్టడం. ఒకప్పుడు అందులో ఒకవైపు బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం, పక్కన పెట్రోలు బంకు. ఇప్పుడు అది దక్షిణాది కౌలురైతుల మ్యూజియం. ఆర్కన్సా స్టేట్ యూనివర్సిటీ నడుపుతున్నది.

లోపల గోడల మీద 1930ల ఫొటోలు. పత్తి బస్తా భుజాన వేసుకొని, చేను వెంబడి వంగి నడుస్తున్న మనుషులు. నేను వరంగల్ జిల్లావాణ్ణి. పత్తి ఏరే నడుము ఎట్లా వంగుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్ల కథ చదువుతూ గోడ వెంట నడిచాను. సగం దాకా వచ్చేసరికి ఇది మన కథేనని అర్థమైంది. మన కథలో ఇంకా జరగవలసిన భాగం కూడా ఆ గోడ మీదే ఉన్నది.

అక్కడి పద్ధతి ముందు చెప్పాలి. భూమి దొరది. ఇల్లు, కంచరగాడిదలు, నాగలి, విత్తనం కూడా చాలావరకు దొరవే. కష్టం రైతుది. పండిన పత్తి చెరి సగం. మనం పాలుకు చేయడం అంటామే, అది. పంట వచ్చేదాకా బతకడానికి పిండి, పంది కొవ్వు, కిరోసిన్ దొర దుకాణంలోనే ఉద్దెర. డిసెంబర్‌లో లెక్క తేల్చేవాళ్లు. లెక్క రాసే పుస్తకం దొర దగ్గరే. చాలా ఇళ్లలో లెక్క తేలేసరికి రైతే దొరకు బాకీ. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఇద్దరూ ఇట్లాగే బతికారు. నల్లవాళ్లకు దానిమీద ఇంకో భయం ఉండేది. 1919లో ఆ రాష్ట్రంలోనే ఎలైన్ దగ్గర లెక్క సరిగా చూపమని సంఘం పెట్టుకున్న నల్ల రైతులను పెద్ద సంఖ్యలో చంపేశారు.

1932లో పత్తి ధర పౌనుకు ఆరు సెంట్ల దగ్గరికి పడిపోయింది. విత్తిన ఖర్చు కూడా రాదు. 1933 మార్చిలో రూజ్వెల్ట్ అధ్యక్షుడయ్యారు. మే 12న వ్యవసాయ సర్దుబాటు చట్టం మీద సంతకం చేశారు. అందులోని ఆలోచన తేలికైంది: సరుకు ఎక్కువై ధర పడింది, కాబట్టి సాగు తగ్గించాలి. తగ్గించిన భూమికి ప్రభుత్వం డబ్బిస్తుంది. చట్టం వచ్చేనాటికే పత్తి మొలిచి ఉన్నది. మొలిచిన చేలనే దున్నించారు. ఆ ఎండాకాలం కోటి ఎకరాలకు పైగా పచ్చని పత్తి మట్టిలో కలిసింది. సాళ్ల నడుమ మొక్క తొక్కకుండా నడవడం నేర్పిన కంచరగాడిదలు మొక్కల మీదికి రానని మొరాయించాయన్న మాట ఆనాడు దేశమంతా చెప్పుకున్నారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ పథకం ధరను నిలబెట్టింది. 1934 నాటికి పత్తి ధర రెండింతల దాకా చేరింది. రైతుకు నేరుగా ప్రభుత్వం డబ్బివ్వడం అన్న ఆలోచనను నేను తప్పుపట్టడం లేదు. మనుషులు ఆకలితో ఉన్నప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకొని కూర్చోలేదు. అది గౌరవించవలసిన సంగతి. నా ప్రశ్న ఆ డబ్బు ఎవరి గడపలోకి పోయిందన్నది.

మొదటి ఏడు చెక్కులు దొరల పేరిట వచ్చాయి. పాలుకు చేసేవాడికి వాడి వాటా దొర ఇవ్వాలి. దొర ఉద్దెర పద్దు తీసి, పాత బాకీ కింద జమ కట్టుకున్నాడు. చాలామందికి చేతికి పైసా రాలేదు. 1934, 35 సంవత్సరాలకు కొత్త ఒప్పందం రాశారు. బీడు పెట్టిన భూమి ఇచ్చే దిగుబడిలో పౌనుకు మొత్తం నాలుగున్నర సెంట్లు. అందులో మూడున్నర భూమి అద్దె, అది భూమిగలవాడికి. మిగిలిన ఒక్క సెంటు పంటలో వాటా ప్రకారం పంపకం. అంటే సగం పాలు రైతుకు అరసెంటు, దొరకు నాలుగు సెంట్లు. ఒకటికి ఎనిమిది. చేలో చెరి సగం పంచుకున్నవాళ్లు చెక్కు దగ్గరికి వచ్చేసరికి ఒకటికి ఎనిమిది అయ్యారు. ఈ లెక్క మ్యూజియంలో చదివినప్పుడు నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను.

అయితే ఆ అరసెంటు దగ్గరే కథ ఆగలేదు. పాలు రైతును కూలీగా మారిస్తే ఆ అరసెంటు కూడా దొరకే మిగులుతుంది. పైగా మూడోవంతుకు పైగా భూమి బీడు పడితే అంతమంది మనుషులతో పనిలేదు. చట్టం రాసినవాళ్లకు ఇది తెలియక కాదు. ఒప్పందంలో ఏడో నిబంధన అని ఒకటి పెట్టారు. భూమిగలవాడు ఎప్పుడూ ఉండేటంతమంది రైతులను వీలైనంతవరకు ఉంచుకోవాలి, ఆ రెండేళ్లూ వాళ్ల ఇళ్లలో వాళ్లను ఉండనివ్వాలి అని దాని సారాంశం. ఆ 'వీలైనంతవరకు' అన్న సందులోంచి వేలమంది బయటికి వెళ్లిపోయారు. ఉపద్రవంగా తయారైన రైతును ఉంచుకోనక్కరలేదని ఇంకో మినహాయింపు. వాటా అడిగినవాడు ఉపద్రవం కాక ఏమవుతాడు?

ఫిర్యాదు చేసుకోవచ్చు గదా అంటారు. చేసుకోవచ్చు. విచారించేది కౌంటీ కమిటీ. ఏ పొలానికి ఎంత, ఎవరికి ఎంత అన్న పనంతా నడిపింది ఈ కౌంటీ కమిటీలూ, కౌంటీ ఏజెంటూ. కమిటీలో కూర్చున్నది ఆ ఊళ్ల భూస్వాములే. వాషింగ్టన్‌లో పుట్టిన డబ్బు వెయ్యి మైళ్లు నడిచివచ్చి చివరి మైలులో వాళ్ల చేతికి చిక్కింది. తలకాయలో పథకం ఎంత గొప్పదైనా, దాని అసలు రూపం ఈ చివరి మైలులోనే తేలుతుంది. నలభై ఏళ్లు అర్థశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి నేను. ఈ సంగతికి ఇవ్వవలసినంత చోటు నా పాఠంలో ఇవ్వలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

టైరొంజా దగ్గర ఫెయిర్‌వ్యూ అనే పెద్ద ఎస్టేటు ఉండేది. దాని యజమాని హైరమ్ నార్‌క్రాస్. 1934లో ఆయన ఇరవైకి పైగా కుటుంబాలను బేదఖల్ చేశారు. ఆ జూలైలో ఒక రాత్రి సన్నీసైడ్ అనే చోట బడి గదిలో పద్దెనిమిదిమంది కూడారు. పదకొండుమంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు. ఇస్త్రీ దుకాణం నడిపే హెచ్.ఎల్. మిచెల్, బంకు నడిపే క్లే ఈస్ట్ వాళ్లకు తోడు. రెండు సంఘాలా, ఒకటా అన్నది ముందు తేలాలి. ఆ రాష్ట్రంలో ఆ రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక బల్ల మీద కూర్చోవడమే నేరంలా చూసేవాళ్లు. ఐజాక్ షా అనే ముసలాయన లేచారు. ఎలైన్ మారణకాండ నుంచి బతికి బయటపడ్డ నల్ల రైతు ఆయన. మిమ్మల్ని కట్టేసిన గొలుసూ మమ్మల్ని కట్టేసిన గొలుసూ ఒకటేనన్న అర్థం వచ్చేట్టు మాట్లాడారని ఆ సంఘం చరిత్ర చెబుతుంది. ఒకటే సంఘం అయింది. దక్షిణాది కౌలురైతుల యూనియన్.

ఎలైన్‌లో తనవాళ్ల శవాలు చూసిన మనిషి పదిహేనేళ్ల తరవాత మళ్లీ ఒక సంఘం కోసం లేచి నిలబడ్డాడు. ఆయన ముందు మనం ఏ త్యాగం గురించి మాట్లాడగలం?

యూనియన్ కోర్టుకు వెళ్లింది. ఒప్పందం ప్రభుత్వానికీ భూస్వామికీ మధ్య జరిగింది, రైతు అందులో పార్టీ కాడు కాబట్టి అడిగే హక్కు లేదన్నారు. ఈ ఒక్క వాక్యం కోసమే నేను మీకు ఈ కథంతా చెబుతున్నానని అనుకోండి. రైతు పేరిట వచ్చిన పథకంలో సాగుచేసే రైతు పార్టీయే కాడు.

వాషింగ్టన్‌లో మాత్రం కొందరికి నిద్రపట్టలేదు. వ్యవసాయ సర్దుబాటు సంస్థలోని న్యాయవిభాగాధిపతి జెరోమ్ ఫ్రాంక్. ఆయన కింద ఆల్జర్ హిస్ అనే యువ న్యాయవాది. ఏడో నిబంధన అంటే ఎవరో పదిమంది రైతులను ఉంచుకోవడం కాదు, ఉన్న మనుషులనే ఉంచుకోవడం అని వాళ్లు భాష్యం రాశారు. మేరీ కానర్ మయర్స్ అనే న్యాయవాదిని 1935 జనవరిలో ఆర్కన్సాకు పంపారు. ఆమె ఊళ్లు తిరిగి, రైతుల వాంగ్మూలాలు తీసుకొని నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక బయటికి రాలేదు. 1935 ఫిబ్రవరి 5న సంస్థ అధిపతి చెస్టర్ డేవిస్ జెరోమ్ ఫ్రాంక్‌నూ ఆయన సహచరులు కొందరినీ కొలువులోంచి తీసేశారు. వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ డేవిస్ వైపే నిలబడ్డారు. వాలెస్ దుర్మార్గుడు కాడు. పేదలంటే ప్రేమ ఉన్నవాడనే పేరు. కాని దక్షిణాది భూస్వాముల ఓట్లు కాంగ్రెస్‌లో లేకపోతే పథకమే పోతుందని ఆయన లెక్క. పథకం బతకడం కోసం రైతును వదులుకున్నారు.

ఆ ఏడు పత్తి ఏరే కాలంలో యూనియన్ సమ్మె చేసింది. నూరు పౌన్లకు డాలరు అడిగితే చాలాచోట్ల 75 సెంట్లకు పెరిగింది. గెలుపు చిన్నది, దెబ్బలు పెద్దవి. ఆ వివరాల్లోకి నేను పోను.

నేను చెప్పవలసింది ఆ తరవాతిది. దేశమంతా గొడవై, రైతు వాటా పెంచుతూ, రైతుకే నేరుగా చెక్కు ఇచ్చేటట్టు నిబంధనలు మార్చారు. ఇది మంచి మార్పే కదా. ఏమైంది? చెక్కు పంచుకోవడం ఎందుకని భూస్వాములు పాలు రైతులను తీసేసి దినకూలీలను పెట్టుకున్నారు. 1939 జనవరిలో ఆర్కన్సా పక్కన మిస్సోరీ రాష్ట్రం కొసన, చలిలో, వెయ్యిమందికి పైగా బేదఖలైన రైతులు పిల్లాజెల్లలతో, మంచాలు పొయ్యిలతో 60, 61 నంబర్ల రహదారుల వెంట బసచేశారు. ఓవెన్ విట్‌ఫీల్డ్ అనే నల్ల పాస్టరు, తానూ పాలు రైతే, వాళ్లను నడిపించాడు. రోడ్డు పక్కన కూర్చుంటే కనీసం కారులో పోయేవాళ్లయినా చూస్తారని. దక్షిణాదిలో 1930లో 7 లక్షల 76 వేలున్న పాలు రైతులు 1940 నాటికి 5 లక్షల 41 వేలయ్యారు. అందరూ ఈ చెక్కుల వల్లే పోయారనను. ట్రాక్టర్లు వచ్చాయి, పట్నాల్లో పనులు వచ్చాయి. కాని ఆ ట్రాక్టర్లలో చాలావాటిని కొన్నది కూడా బీడు భూముల చెక్కులతోనే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

2018 మే 10. హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరాకు పంటకు 4,000 రూపాయలు, తరవాత 5,000. లక్షలమంది పట్టాదారులకు కొత్త పాసుపుస్తకాలూ చెక్కులూ ఊళ్లోకి తెచ్చిచ్చారు. లంచం లేదు, దళారీ లేడు. మా బాపమ్మ చెల్లెలి మనుమడు, రెండెకరాల ఆసామి, ఆ వానాకాలం షావుకారు దగ్గరికి పోకుండా విత్తనాలు కొన్నాడు. ఆయన మొఖంలో నేను చూసిన ధీమా అబద్ధం కాదు. దాన్ని ఎవరు తక్కువచేసి మాట్లాడినా నేను ఒప్పుకోను.

మా నాయిన చేసిన ఆ ఆరెకరాలు ఇప్పుడు వేరే కుటుంబం కౌలుకు చేస్తున్నది. ఆసామి పిల్లలు హైదరాబాదులో. చెక్కు వాళ్లది. కౌలు ఆ ఏడు ఒక్క రూపాయి తగ్గలేదు. పెట్టుబడి సాయం అని పేరు, పెట్టుబడి పెట్టినవాళ్లకు కాకుండా పోయింది. కౌలుదారులకు ఇవ్వబోమని ప్రభుత్వం దాచకుండానే చెప్పింది. కౌలు ఏటేటా మారుతుంది, ఎవరికని ఇస్తాం, గొడవలవుతాయని కారణం చెప్పారు. భూమికి గరిష్ఠ పరిమితి మాత్రం పెట్టలేదు. యాభై ఎకరాలుంటే యాభైకీ వచ్చింది.

దానికంటె నన్ను బాధపెట్టింది ఇంకొకటి. 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన, ఆ తరవాత 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్, ఈ రెండింటి నడుమ కాస్తు కాలమ్ మాయమైంది. గిర్దావరు సాబ్ ఒడ్డు మీద నిలబడి నింపిన కాలమ్. పాత పేర్లు ఏళ్ల తరబడి మార్చకుండా వదిలేసి ఆ కాలమ్‌ను తగాదాల పుట్ట చేసిన మాట నిజమే. సరిగా నింపడం లేదని కాలమ్‌నే తీసేశారు. అద్దంలో మొఖం మసకగా ఉన్నదని అద్దం పగలగొట్టినట్టు.

2018 ఆగస్టు 15న రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల నడుమ రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. ఎంత మంచి పథకం! అయితే అక్కడా రైతంటే పట్టాదారే. ఆ ఆరెకరాలు కౌలుకు చేసే ఆయన పోయిన ఏడు కరెంటు మోటారు దగ్గర చనిపోయాడు. ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. వరసకు నాకు మరదలు. "బావా, పదకొండేండ్ల సంది మేమే దున్నుతున్నం. ఊరంతకు ఎరుకే. కాగితం మీద లేదంటున్నరు. ఊరి కంటె కాగితం పెద్దదా?" అన్నది. నేను చదువుకున్నవాణ్ణని వచ్చింది. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో ఉన్న పిల్లవాడి తప్పూ లేదు. అతని ముందున్న తెరమీద ఆ పేరు రాయడానికి గడే లేదు.

ఇట్లాంటి కుటుంబాలు ఎన్ని? రైతు స్వరాజ్య వేదిక 2022లో రాష్ట్రంలోని ఊళ్లు తిరిగి చేసిన సర్వేలో సాగుచేసేవాళ్లలో మూడోవంతుకు పైగా కౌలుదారులని తేలింది. ప్రభుత్వాలు మారాయి. 2025 జనవరి 26న రైతుబంధు రైతుభరోసా అన్న పేరుతో ఏడాదికి ఎకరాకు 12,000 అయింది. ఉపాధిహామీలో కనీసం 20 రోజులు పనిచేసిన భూమిలేని కూలి కుటుంబాలకు 12,000 ఇస్తామని ఆత్మీయ భరోసా పెట్టారు. అది మంచి అడుగు. కాని కౌలుదారు కూలి కాడు. వాడు అప్పు తెచ్చి, కౌలు ముందే కట్టి, తెగులూ వానా ధరా అన్నీ తన నెత్తిన వేసుకున్నవాడు. కేంద్రం పీఎం కిసాన్ 6,000 కూడా 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరిట ఉన్నదో వాళ్లకే.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో మనకంటె ముందు ఆలోచించిందని చెప్పాలి. 2011లో, రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడే, సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో అక్కడ దాన్ని తీసి పంటసాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల పత్రం. యజమాని సంతకం కావాలి. అక్కడే బండి ఆగింది. సంతకం పెడితే భూమి పోతుందేమో, బ్యాంకులో తను తెచ్చుకున్న పంటరుణం బయటపడుతుందేమో అని యజమాని వెనక్కి తగ్గుతాడు. కౌలుదారు గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి. ఈ భయం ఎక్కడిదో తెలంగాణవాళ్లకు తెలుసు. 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారుకు, తరవాత అందులోని 38-ఈ సెక్షన్ కింద ఇచ్చిన పట్టాలతో హక్కులు వచ్చాయి. అవి పోరాటంతో వచ్చిన హక్కులు. వాటికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ తరవాత మాత్రం భూమిగలవాళ్లు నేర్చుకున్న పాఠం కాగితం రాయొద్దని. కౌలు నోటిమాట అయిపోయింది.

ఎవరు దున్నుతున్నారో ప్రతి ఏడూ తెలుసుకోవడం కుదరని పని అన్న వాదనకు జవాబు నాకు ఆ పాయిన్‌సెట్ కౌంటీలోనే దొరికింది. ఈనాడు అక్కడ రైతు ఏటా జూలై 15 లోపల కౌంటీ ఆఫీసుకు వెళ్లి, ఏ చెక్కలో ఏ పంట వేశాడో, అందులో ఎవరి వాటా ఎంతో చెప్పి రాయించుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఏ-578 అంటారు ఆ కాగితాన్ని. 1934లో రైతు పార్టీయే కాదన్న చోట ఇప్పుడు భూమిగలవాడి పేరూ సాగుచేసేవాడి పేరూ ఒకే వరుసలో ఉంటాయి. మనకూ దారి ఉన్నది. వ్యవసాయ విస్తరణాధికారులు ఇప్పటికే పంటల నమోదుకు పొలం పొలం తిరుగుతున్నారు. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఆ నమోదే అడుగుతారు. సర్వే నంబరు, పంట, ఎకరాలు రాస్తున్న ఆ మనిషి ఇంకొక్క మాట అడిగితే చాలు.

అడిగినంత మాత్రాన అంతా చక్కబడుతుందని చెప్పి మిమ్మల్ని పంపించలేను. బ్యారెట్ కర్వన్ అనే ఆర్థికవేత్త 2009లో అచ్చువేసిన పరిశోధనలో, అమెరికాలో రైతుకిచ్చే అదనపు సాయం డాలరులో పాతిక సెంట్ల దాకా కౌలు పెరుగుదల రూపంలో భూయజమానికే చేరుతున్నదని లెక్కగట్టారు. చెక్కు సాగుదారు పేరిటే వచ్చినా సరే. 1939లో మిస్సోరీ రోడ్ల మీద చూసింది దీనికంటె కఠినమైన రూపం. అందుకే నేను డబ్బు సంగతి తరవాత అంటున్నాను. ముందు పేరు. డబ్బుతో సంబంధం లేకుండా, హక్కుతో సంబంధం లేకుండా, ఈ ఏడు ఈ పొలం ఎవరు చేశారన్న ఒక్క నిజం రికార్డు మీద ఉండాలి. భూమి హక్కు దానివల్ల మారదని చట్టంలోనే స్పష్టంగా రాసి, యజమాని భయం తీర్చాలి. సంతకం అడగకూడదు, ఊరి సాక్ష్యం చాలాలి. అప్పుడు బీమా, పంటనష్టం, వడ్ల డబ్బు ఆ పేరు వెంట వెళతాయి. ఎకరా సాయం పంచుకోవడం అన్న పెద్ద పేచీ తేలేదాకా ఆగనక్కరలేనివి ఇవి. ఒడిశాలో కాలియా పథకం 2019లోనే సాగుచేసేవాళ్లనూ భూమిలేనివాళ్లనూ లెక్కలోకి తీసుకున్నది. అంటే ఆలోచన లేక కాదు.

మ్యూజియం నుంచి బయటికి వచ్చేటప్పుడు మా అమ్మాయి అడిగింది, నాయినా ఎందుకట్లా అయిపోయావని. మయర్స్ గారి నివేదిక గురించి చెప్పాను. ఎవరో ఒకరు ఊరూరూ తిరిగి, మనుషుల నోట విని, నిజం రాశారు. దాన్ని తొక్కిపెట్టినా అది రాశారన్న సంగతి తొంభై ఏళ్ల తరవాత నాలాంటివాడిదాకా వచ్చింది. మా గిర్దావరు సాబ్ రాసిన పహాణీ వరుస ఒక ఏడు మా పొయ్యి వెలిగించింది. రెండూ ఒకే పని.

ఈ స్మారక నిధి పెద్దదేమీ కాదు. ఆయన పిల్లలు తమ జీతాల్లోంచి కూడబెట్టినది. ఈ ఏడు వడ్డీతో ఏం చేయాలని నన్ను అడిగితే, మా ఊరి డిగ్రీ విద్యార్థులు ఇరవైమందికి తలా ఒక నోటుబుక్కు, ఒక గొడుగు కొనమన్నాను. నాట్లు అయినంక వాళ్లు ఊరి పొలాలన్నీ తిరుగుతారు. సర్వే నంబరు, పంట, దున్నుతున్నది ఎవరు అన్న మూడు గీతలు. గ్రామసభలో చదివి వినిపించి, సర్పంచి, వార్డు సభ్యుల సంతకాలతో ఒక నకలు పంచాయతీలో, ఒక నకలు తహసీల్దారు ఆఫీసులో ఇస్తాం. దానికి చట్టంలో విలువ లేదని నాకు తెలుసు. మా మరదలు తమ ఆరెకరాల దగ్గర ఒడ్డు మీద నిలబడి చెబుతానన్నది. మొదటి పేజీ అక్కడినుంచే మొదలవుతుంది.